పటములోని ముఖము – యంత్రపు కుంచె

మనుష్యుని ముఖమును పటమునందు నిలుపుట పూర్వము కలవారికి మాత్రమే చెల్లిన భోగము. జమీందారు చిత్రకారుని రావించి, దినములతరబడి కదలక మెదలక కూర్చున్నగాని అతని రూపము గుడ్డమీది కెక్కెడిది కాదు. పొలముగట్టున నిలిచిన కూలివాని ముఖమును గాని, పొయ్యిముందు పొగకు కన్నులు నులుముకొను ఇల్లాలి ముఖమును గాని వ్రాసినవారు లేరు. వారు గతించిన పిదప వారి రూపము బిడ్డల జ్ఞప్తియందు ఒక తరము నిలిచి, పిమ్మట మాసిపోయెడిది. 1839వ సంవత్సరమున ఫ్రాన్సుదేశములో డాగ్యురే కనిపెట్టిన ఛాయాచిత్రవిధానము లోకమునకు వెల్లడియైన తరువాత ఈ భేదము క్రమక్రమముగా సడలినది. నేడు జగ్గయ్యపేట, నందిగామవంటి మెట్టప్రాంతపు పట్టణములందు సైతము కంప్యూటరుముందు కూర్చున్న యువకుడు బొటనవ్రేలంత ఫోటోను గైకొని, దానిని తైలవర్ణచిత్రమువలె మార్చి, అద్దము, చట్రము బిగించి యింటికి పంపుచున్నాడు. దీనిని వాడుకలో ‘డిజిటల్ పెయింటింగు’ అనుచున్నారు. ఇది చిత్రకళ యగునా? దీనివలన మన కుటుంబములకు కలుగు మేలెంత, కీడెంత? ఈ రెండు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఛాయాచిత్రముపై కుంచె నడపుట క్రొత్తపని కాదు. 1855లో పారిస్ నగరమున జరిగిన ప్రదర్శనమునందు మ్యూనిక్ నగరవాసియగు హాన్ఫ్‌స్టెంగల్ అను నాతడు నెగటివును చేతితో దిద్ది ముఖమునందలి లోపములను మాన్పవచ్చునని చూపగా జనులు విస్మయపడిరి. మనదేశమున పందొమ్మిదవ శతాబ్దిలోనే స్టూడియోలవారు ఫోటోపై దట్టముగా నీటిరంగులు పూసి, అడుగున ఫోటో యున్నదను జాడయే తెలియకుండ చేసిరి. జగ్గయ్యపేటకు పొరుగున నుండిన నిజాము రాజ్యమునందు రాజా దీనదయాళు (1844–1905) సికిందరాబాదున స్టూడియో నడపి, ఆరవ నిజాము ఆస్థానమున ఛాయాచిత్రకారుడుగా కీర్తి గాంచెను. కావున ఫోటోకును కుంచెకును గల చెలిమి నూటయేబది యేండ్లకు పైబడినది. మారినది కుంచెయే. పూర్వపు కుంచె వెండ్రుకలతో చేసినది. నేటి కుంచె గణితముతో చేసినది.

ఈ గణితపు కుంచె పనిచేయు తీరును చదువరులు కొంత తెలిసికొనుట అవసరము. తెలియనిచో దాని గుణదోషములను నిర్ణయించుట పొసగదు. ఫోటోషాపు అను సాధనమును టామస్ నోల్, జాన్ నోల్ అను అమెరికా సోదరులు రూపొందింపగా అది 1990లో విపణికి వచ్చినది. కంప్యూటరునందలి చిత్రమనగా చిన్నచిన్న రంగుచుక్కల బారులు. ప్రతి చుక్కకును సంఖ్యలు కలవు. ఆ సంఖ్యలను మార్చినచో రంగు మారును. ఫోటోను చిత్తరువుగా మార్చుటకు ముఖ్యముగా మూడు త్రోవలు కలవు.

మొదటిది ఫిల్టరు త్రోవ. 1976లో జపానుదేశీయుడగు కువహరా హృదయమునకు సంబంధించిన వైద్యచిత్రములలోని మసకను తొలగించుటకు ఒక లెక్కను కనిపెట్టెను. ప్రతి చుక్కచుట్టును నాలుగు చిన్న గళ్లను గీసి, ఏ గడిలోని రంగులు ఒకదానితో నొకటి మిక్కిలి దగ్గరగా నున్నవో ఆ గడియొక్క సగటు రంగును ఆ చుక్కకు ఇచ్చుటయే ఆ లెక్క. దీనివలన సన్నని వివరములు చెరగి, అంచులు మాత్రము నిలిచి, చూపరికి కుంచెతో పూసినట్లు తోచును. ఫోటోలకు తైలవర్ణపు పోకడ నిచ్చు నేటి ఫిల్టరులు పెక్కింటికి మూలమైన వానిలో ఇట్టి లెక్క యొకటి. రోగి గుండెను చూచుటకు పుట్టిన ఉపాయము తుదకు పెండ్లికూతురి పటమునకు మెరుగు పెట్టుటకు పనికివచ్చుట వింతయే. అయినను ఈ త్రోవలో చూచువాడెవడును లేడు. కన్నును, కమ్మను, గోడమీది మరకను అది ఒక్క తీరుననే సగటు చేయును.

రెండవది మన పట్టణములలో మిక్కిలి వాడుకలోనున్న స్మడ్జ్ త్రోవ. తడిరంగును వ్రేలితో లాగినట్లు, ఫోటోలోని రంగులను తెరమీద కొంచెముకొంచెముగా లాగుట ఇందలి పని. నేర్పరియగు పనివాడు చెక్కిలి గుండ్రదనము వెంబడి, ముక్కు వాలు వెంబడి చేతిని నడపును. చర్మపు గరుకు పోయి మైనపు నునుపు వచ్చును. పిమ్మట తలవెండ్రుకలను ఒక్కొక్కటిగా గీయును. కంటిపాపలో వెలుగుచుక్క నుంచును. వెనుకనున్న గోడను తీసివేసి, మబ్బునో తోటనో పెట్టును. దీనికి గంటలకొలది కూర్చుండవలెను. ఇందు చేతిపని నిజముగా కలదు.

మూడవది కృత్రిమమేధ త్రోవ. 2015లో జర్మనీదేశమునందలి ట్యూబింగెన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఒక పటముయొక్క రంగుల పోకడను వేరొక ఫోటోమీదికి ఎక్కించు విధమును ప్రకటించిరి. మరుసటియేడే అది సెల్‌ఫోనులలోనికి వచ్చినది. 2025 మార్చిలో లోకమంతయు తన ముఖమును జపాను కార్టూను చిత్రముల తీరున మార్చుకొని మురిసినది; ఆ సంవత్సరమే సెప్టెంబరులో మన యువతులు తమ ఫోటోలను యంత్రమునకిచ్చి, పాతకాలపు సినిమా నాయికలవలె చీరలుకట్టిన బొమ్మలను పొందిరి. ఇచ్చట ముఖము దిద్దబడుట లేదు, క్రొత్తగా కల్పింపబడుచున్నది. ఆ ముఖము మనదివలె నుండును గాని మనది కాదు.

ఇక వీనిని తూచుటకు తక్కెడ యేది? పాశ్చాత్యుల శాస్త్రముకొరకు పరుగిడ నక్కరలేదు. వాత్స్యాయన సూత్రములకు వ్యాఖ్య రచించిన యశోధరుడు చిత్రకళకు ఆరు అంగములను చెప్పియున్నాడు: రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. వీనిలో ప్రమాణమును ఫోటోయే సమకూర్చును. ముక్కెంత, నొసలెంత యను కొలతకు చిత్రకారుడు చెమటోడ్చ నక్కరలేదు. వర్ణికాభంగమును, అనగా రంగుల కూర్పును, సాధనము లక్షలకొలది రంగులతో అందించును. లావణ్యము మితిమీరి లభించును. మిగిలిన మూడింటి గతి యేమి? రూపభేదమనగా ఈ రూపము ఆ రూపము కాదని తెలియుట. సాదృశ్యమనగా చిత్రము ఆ వ్యక్తినే పోలియుండుట. భావమనగా లోపలి మనస్సు వెలికి తోచుట. మన స్టూడియో పటములు సాధారణముగా తప్పిపోవుచున్నది ఈ మూటియందే. ఫ్లెక్సీబోర్డులపై వెలయు నాయకుల ముఖములను వరుసగా చూడుడు. ఎనుబదియేండ్ల వృద్ధునకును, ముప్పదియేండ్ల యువకునకును ఒకటే చెక్కిలి, ఒకటే మెరుపు, ఒకటే గులాబిరంగు పెదవి. పేరు చదువనిదే మనిషిని గుర్తింపలేము. రూపభేదమే నశించినప్పుడు లావణ్య మెంత యున్నను అది చిత్రముగాదు, పూత.

జగ్గయ్యపేటవారికి ఈ మాట బోధపరచుటకు దూరపు దృష్టాంతములు వలదు. ఆ పట్టణమును ఆనుకొనియున్న ధనబోడు మీది బౌద్ధస్తూపమును జేమ్స్ బర్గెస్ పరిశోధించి 1887లో గ్రంథముగా ప్రకటించెను. అచ్చట దొరకి, నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమునందున్న చక్రవర్తి శిల్పము ప్రసిద్ధము. చక్రవర్తి కుడిచేయి మీదికెత్తగా మబ్బులనుండి నాణెములు వర్షించుచుండును. చుట్టును చక్రము, ఏనుగు, గుఱ్ఱము, మణి మొదలగు సప్తరత్నములు. ఆ శిల్పి ఏ రాజునో ఎదుట కూర్చుండబెట్టుకొని చెక్కలేదు. రాజనువాడు ప్రజలకు ధనమును కురియింపవలెనను భావమునకు రూపమిచ్చెను. అది ‘ఫలానివాని ముఖము’ అని ఎవరితోను బొంకలేదు. కావుననే ఆదర్శరూపము అచ్చట దోషము కాలేదు. మన పటము అట్లు కాదు. ‘ఇది మా నాయనమ్మ’ అని చెప్పి గోడకు తగిలించుచున్నాము. అట్లు చెప్పినంతనే సత్యము పాటింపవలసిన భారము మీదబడును.

ఆ స్తూపమునొద్దనే ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని ఇరువదవ యేటి శాసనము కలదు. ఐదు ఆయకస్తంభములను దానము చేసినవాడు సిద్ధార్థుడను పనివాడని అది చెప్పుచున్నది. పదునేడు శతాబ్దములు గడచినను ఆ పనివాని పేరు మనకు తెలియును. నేడు మన యింటి గోడమీది పటమును చేసినవాని పేరు పటముమీద ఎందరికి కనబడుచున్నది? స్టూడియో పేరు మూలను ఉండిన ఉండవచ్చును. పనివాని పేరు అరుదు. పేరులేనిచోట బాధ్యత లేదు. బాధ్యత లేనిచోట కళ పెరుగదు.

ఇంకొక దృష్టాంతము. జగ్గయ్యపేటకు సమీపమున, మునియేటి యొడ్డున పెనుగంచిప్రోలు కలదు. అచ్చటి తిరుపతమ్మ, గోపయ్యల విగ్రహములను రెండేండ్ల కొకమారు జగ్గయ్యపేటకు తెచ్చి, రంగులు వేయించి, ఉత్సవముతో మరల కొనిపోవుదురు. విగ్రహారాధనమును గూర్చి చదువరుల అభిప్రాయ మేదైనను కానిండు, ఇందలి ఒక నీతి గ్రహింపదగినది. రంగు వేయుట అందరు నెరిగి జరుగుచున్నది. విగ్రహము పాతది, రంగు క్రొత్తది యని బాలురకు సైతము తెలియును. మన పటములందు జరుగు రంగుపూత మాత్రము గుట్టుగా జరుగుచున్నది. పది సంవత్సరములు గడచునప్పటికి ఏది ముఖమో ఏది పూతయో ఇంటివారికే తెలియకుండ పోవుచున్నది.

ఆ గుట్టు ఎంతటిదో లెక్కవేసి చూతము. పల్లెటూళ్లలో పెద్దలు గతించినప్పుడు పలుమారు దొరకునది ఆధారుకార్డు మీది బొమ్మయో, ఏదో దరఖాస్తునకై తీయించిన పాస్‌పోర్టు ఫోటోయో మాత్రమే. 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల పొడవు గల అట్టి ఫోటోను అంగుళమునకు 300 చుక్కల చొప్పున కంప్యూటరులోని కెక్కించినచో సుమారు 2,19,000 చుక్కలు వచ్చును. దానినే 12 అంగుళముల వెడల్పు, 15 అంగుళముల పొడవు గల పటముగా అదే నాణ్యముతో అచ్చువేయవలెనన్నచో 1,62,00,000 చుక్కలు కావలెను. అనగా ఫోటోలో ఒక్క చుక్క యున్నచోట పటములో సుమారు 74 చుక్కలు నిండవలెను. ఆ 74లో నిజముగా ఫోటో చెప్పునది ఒక్కటి. తక్కిన 73 పనివాని ఊహయో యంత్రపు ఊహయో. కావున కల్పన తప్పదు. కల్పన చేయవద్దని మేము చెప్పుట లేదు. ఏ దిక్కునకు కల్పన చేయుచున్నారనునదే ప్రశ్న.

మన స్టూడియోలలో ఆ దిక్కు ఒక్కటే: తెలుపు. ఇచ్చటనే ఈ విమర్శము కళాచర్చయను హద్దును దాటి సంఘచర్చ యగుచున్నది. నందిగామ చుట్టునున్న పత్తిచేలలోను మిరపతోటలలోను నలుబదియేండ్లు ఎండలో పనిచేసిన స్త్రీ ముఖము నల్లబడును, నొసట గీతలు పడును. ఆ గీతలు ఆమె చరిత్ర. అవి ఆమె పెంచిన బిడ్డలు, తీర్చిన అప్పులు, ఓర్చిన కరవులు. ఆమె పోయిన పిదప పటములో ఆమెను తెల్లగా చేసి, గీతలు చెరిపి, ఎన్నడును కట్టని పట్టుచీర కట్టి, మెడలో ఎన్నడును వేసికొనని నగలు దిద్ది గోడకు తగిలించుచున్నారు. ఇది గౌరవమని కుమారుడు తలచుచున్నాడు. కాని ఆ పటముక్రింద పెరుగు మనుమరాలు ఏమి నేర్చుకొనుచున్నది? నల్లని ముఖము గోడ కెక్క దగదనియే గదా! ఆమె అద్దములో తన ముఖమును చూచుకొని, ‘నేనును దిద్దవలసినదాననే’ అని తలచును. ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ అను ముఖలేపనము సైతము 2020లో తెలుపును సూచించు మాటను తన పేరునుండి తొలగించుకొన్నది. వర్తకులు విడిచిన మాటను మన యిండ్లు పటములలో నిలుపుకొనుట తగునా?

పెండ్లిసంబంధములకై పంపు ఫోటోల విషయము మరింత శోచనీయము. పిల్లను నునుపుచేసి, తెలుపుచేసి, సన్నముచేసి చిత్తరువుగా పంపుదురు. చూపులనాడు వరుని తల్లి పటమును, పిల్లను మార్చిమార్చి చూచును. ఆ క్షణమున ఆ పిల్ల పొందు అవమానమునకు ఏ ఫిల్టరు మందు? తప్పు పటముది, శిక్ష పిల్లది. చదువుకొన్న తలిదండ్రులు సైతము ‘అందరు చేయుచున్నారు గదా’ యని సమాధానము చెప్పుకొనుచున్నారు. కట్నమును గూర్చియు పూర్వము ఈ మాటయే చెప్పిరి.

స్త్రీల ఫోటోల విషయమున వేరొక జాగ్రత్తయు కావలెను. యంత్రమునకు ఇచ్చిన ముఖము ఎచ్చట నిలువయుండునో, ఎవరి చేతబడునో ఇచ్చినవారికి తెలియదు. ఒకరి ముఖమును వారి అనుమతిలేక చిత్తరువుగా మార్చి పదిమందికి పంపుట, ఆ చిత్తరువు ఎంత అందముగా నున్నను, మర్యాద కాదు. భర్తయైనను, అన్నయైనను ముందు అడుగవలెను.

ఇంతమాత్రమున ఈ కళను నిందించి త్రోసివేయుట న్యాయము కాదు. చిరిగిన ఫోటోను అతికి, చెదలు తిన్న సగము ముఖమును ఓర్పుతో పూరించి, తల్లి రూపమును బిడ్డకు మరల చూపిన పనివాడు చేసినది పుణ్యకార్యమే. కూలివానికిని చక్రవర్తికిని సమానముగా పటమునందు చోటిచ్చిన ఘనత ఈ యంత్రమునదే. చేతికుంచె పట్టినవారే చిత్రకారులు, తెరమీద గీసినవారు కారు అనుటయు ఛాందసము. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు (1897–1925) తన స్వల్పజీవితమునందే ఆంధ్రచిత్రకళకు క్రొత్తత్రోవ వేసెను. ఆయన భార్య సత్యవాణియు, సోదరి బుద్ధిరాజు వరలక్ష్మియు చిత్రములు వ్రాసిరి. అట్టి అవకాశము ఆనాడు ఏ కొద్ది కుటుంబములకో కలిగినది. నేడు కంప్యూటరో సెల్‌ఫోనో గల యింటి ఆడపిల్ల, రంగులు, గుడ్డ కొనకయే గీత నేర్చుకొనగలదు. ఈ మేలును మరువరాదు.

కొందరు ఇట్లు ఆక్షేపింపవచ్చును: ‘చిత్రకారులు ఏనాడు పొగడ్త మానిరి? రాజులను అందగాండ్రుగా, రాణులను రంభలుగా వ్రాసినవారే గదా! సొమ్మిచ్చువాని ఇష్టమును పనివా డెట్లు కాదనును?’ నిజమే. కాని రెండు భేదములు కలవు. రాజు పటమును చూచినవారు అది పొగడ్తయని ఎరుగుదురు. ఫోటోనుండి పుట్టిన పటమునకు మాత్రము సాక్ష్యమను గౌరవము అంటియుండును. రెండవది, పూర్వపు పొగడ్త ఒక చేతినుండి వచ్చినది, దానికి కొంత వైవిధ్య ముండెను. నేటి పొగడ్త ఒకే సాధనమునుండి వచ్చుచున్నందున లక్ష ముఖములు ఒక్క ముఖమగుచున్నవి. ఇక సొమ్మిచ్చువాని ఇష్టమును మార్చుటయే సంస్కారము. అడుగువాడు మారినచో పనివాడు తప్పక మారును.

అడుగవలసిన దేమి? పని కప్పగించునప్పుడే ‘చాయ మార్చవలదు, ముడతలు చెరుపవలదు’ అని స్పష్టముగా చెప్పవలెను. గతించినవారి పటమైనచో వారు నిత్యము ధరించిన బట్టలే ఉండనిండు; వారికి లేని నగ పెట్టవలదు. మూలఫోటోను పారవేయక, పటము వెనుక కవరులో భద్రపరచి, ఎవరి ఫోటోయో, ఏయేట తీసినదో, దిద్దినవా రెవరో వ్రాసియుంచవలెను. పటము మూలను పనివాని పేరు వ్రాయించి, గంటలకొలది వంగి పనిచేసిన చేతికి తగిన కూలి నీయవలెను; నిమిషములో ముగియు ఫిల్టరు ధరతో దానిని పోల్చి బేరమాడరాదు. పనివారును ఒక్కటి గ్రహింతురుగాక: యంత్రము నిమిషములో చేయగల నునుపుకొరకు వారు కన్నులు పాడుచేసికొన నక్కరలేదు. యంత్రమునకు చేతకానిది ఒకటి కలదు. ఈ ముఖమునందు ఏది విడువరానిదో ఎన్నిక చేయుట యంత్రమునకు చేతగాదు. నొసటి మచ్చను ఉంచవలెనా, నవ్వులోని వంకరను ఉంచవలెనా యని ఇంటివారిని అడిగి, ఆ మనిషి ఎట్టిదో విని, పిమ్మట చేయి నడపినవాడు చిత్రకారుడు. అడుగనివాడు కేవలము యంత్రమునకు తోడు యంత్రము.

చిత్రము ఫోటోనుండి పుట్టినదా, కంటినుండి పుట్టినదా యనునది చిన్న ప్రశ్న. ఎదుటి మనిషిని చూచి, ఉన్నది ఉన్నట్లు ప్రేమింపగల దృష్టి దానియందు కలదా యనునదే పెద్ద ప్రశ్న. మన తల్లులు నల్లనివారైనచో నల్లగానే గోడ నెక్కుదురుగాక. వారి ముఖములందలి గీతలను చదువనేర్చిన బిడ్డలు అద్దమునకు గాని, లోకమునకు గాని వెరవరు.